పాడుబడిన పట్టణాలు – మిగిలే న్యాయం

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. భూమిని మనకు నివాసంగా చేసి, ఒక తరం తరువాత మరొక తరాన్ని దానిపై నిలిపి, గడువు తీరిన ప్రతి తరాన్నీ తన వైపునకు పిలుచుకొనేవాడు ఆయనే. ఆయన అంతిమ సందేశహరులైన ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకుల పైన, వారి సహచరుల పైన శాంతి శుభాలు కురియుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! ముందుగా మమ్మల్ని మేము, ఆపైన మిమ్మల్ని అల్లాహ్ పట్ల భయభక్తులు వహించవలసిందిగా హెచ్చరించుకొంటున్నాము. ఈ లోకంలో నిలిచి ఉండేది ఏది, కూలిపోయేది ఏది అనే వివేచన ఆ భయభక్తులలో ఒక ముఖ్యభాగం. ఈ శుక్రవారం మేము ఆ విషయాన్నే మీ ముందుంచదలిచాము.

దివ్య ఖుర్ఆన్ విశ్వాసులకు ఆజ్ఞాపించిన ఆరాధనలు మనకందరికీ తెలుసు. నమాజు, ఉపవాసం, జకాత్, హజ్ – వీటిని గురించి తరచుగా వింటూనే ఉంటాము. అదే గ్రంథం పదేపదే చెప్పిన మరొక మాటను మాత్రం తక్కువగా వింటాము. భూమిపై సంచరించండి, మీకు పూర్వం జీవించిన జాతుల పర్యవసానం ఏమయిందో కళ్ళారా చూడండి అన్నది దాని సారాంశం. ‘అల్ హజ్’ సూరాలో అల్లాహ్ రెండు వస్తువులను ప్రత్యేకంగా పేర్కొన్నాడు: తోడేవారు లేక వదిలివేయబడిన బావులు, ఎత్తుగా కట్టి పాడుబడిన మేడలు. వాటిని చూసి కూడా గ్రహించని వారి విషయంలో గుడ్డితనం కళ్ళకు పట్టలేదనీ, గుండెలకు పట్టిందనీ అక్కడే బోధించాడు.

ఆ దృశ్యాలను చూడటానికి మనం సుదూర దేశాలకు వెళ్ళనవసరం లేదు. మన ఖమ్మం జిల్లాలోనే నేలకొండపల్లి ఉన్నది. అక్కడ పొలాల నడుమ మట్టిగోడ చుట్టిన ఒక ప్రాచీన పట్టణపు ఆనవాళ్ళు సుమారు 100 ఎకరాల మేర విస్తరించి ఉన్నాయి. త్రవ్వకాలలో విహారాల పునాదులు, బావులు, నీటి తొట్లు, కాల్చిన మట్టి బొమ్మలు, కంచు బుద్ధ విగ్రహం బయటపడ్డాయి. ఒక మహాస్తూపం ఇటుకల గుమ్మటంగా ఈనాటికీ నిలిచి ఉన్నది. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల నాటికి అది జనంతో, వర్తకంతో కళకళలాడిన చోటని చరిత్రకారులు నిర్ధారించారు. చుట్టుప్రక్కల ప్రజలేమో విరాటరాజు కొలువు అదేనని చెప్పుకుంటారు. కట్టించిన వారి అసలు పేర్లు మాత్రం జనం నోటిలో నిలువలేదు.

సోదరులారా! ఆ కాలపు తెలుగునేల ప్రపంచానికి దూరంగా మూలన పడి లేదు. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ అనే గ్రంథం మసాలియా అనే పేరుతో మచిలీపట్నం తీరసీమను పేర్కొని, అక్కడ సన్నని నూలువస్త్రాలు విరివిగా తయారవుతాయని తెలిపింది. ఆ వస్త్రాలకు, మిరియాలకు, రత్నాలకు బదులుగా రోము నుండి వెండి, బంగారం వచ్చేవి. తమ సామ్రాజ్యపు సొమ్ము ఏటా 5 కోట్ల సెస్టర్సుల మేర భారతదేశానికి తరలిపోతున్నదని ప్లినీ అనే రోమను పండితుడు వాపోయాడు. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో దొరికిన ఒక్క నిక్షేపంలోనే పదిహేను వందలకు పైగా రోమను వెండి నాణేలు ఉన్నాయి. నాగార్జునకొండ త్రవ్వకాలలో తైబీరియస్ చక్రవర్తి బంగారు నాణెం లభించింది.

ఆ నాణేలను ఒకసారి పరికించి చూడండి. దక్కనులో ఎక్కువగా దొరికినవి అగస్టస్, తైబీరియస్ చక్రవర్తుల నాణేలే. తైబీరియస్ నాణెం మీద అతని ముఖచిత్రం చుట్టూ ఒక బిరుదు చెక్కి ఉంటుంది. అతడు దైవత్వం పొందిన అగస్టస్ కుమారుడని దాని అర్థం. అంటే చచ్చిపోయిన ఒక రాజును దేవుణ్ణి చేసి, బ్రతికి ఉన్న రాజును దేవుని కొడుకుని చేసి, ఆ మాటను వెండి మీద ముద్రించి లోకమంతా పంచారన్నమాట. ఆ వెండి సముద్రాలు దాటి, బండ్లకెక్కి, మన నేలకు చేరింది. ఇక్కడి వర్తకుడికి ఆ అక్షరాలు తెలియవు. ఆ దైవత్వంతో అతనికి పనిలేదు. అతడు వెండిని తూకం వేసి తీసుకున్నాడు. మన దేశంలో దొరికిన కొన్ని రోమను బంగారు నాణేలపై చక్రవర్తి ముఖం మీదుగా ఉలితో పెట్టిన గాటు కూడా కనిపిస్తుంది. తనను దైవపుత్రుడిగా చాటించుకొన్నవాడు తన ముఖం మీద పడే ఉలిదెబ్బను ఆపుకోలేకపోయాడు. అల్లాహ్ కు భాగస్వాములను కల్పించే ప్రతి వాదానికీ పట్టే గతి ఇదే.

ఆ నాణేలు భూమిలోనికి ఎలా వెళ్ళాయో కూడా ఆలోచించండి. ఎవరో ఒక కుటుంబ యజమాని ఏదో భయంతో కుండలో పోసి, రాత్రివేళ గొయ్యి తీసి పాతిపెట్టి ఉంటాడు. మళ్ళీ వచ్చి తీసుకొందామనుకొని ఉంటాడు. అతడు రాలేదు. దొరికిన ప్రతి నిక్షేపమూ తిరిగి రాలేకపోయిన ఒక మనిషి కథ. ఖారూన్ తన నిధులతో సహా భూమిలోనికి క్రుంగిపోయిన వృత్తాంతాన్ని ఖుర్ఆన్ మనకు వినిపించింది. ఎక్కువ సంపాదించాలనే పోటీ మనుషులను సమాధుల దాకా ఏమరుపాటులో ఉంచుతుందని కూడా హెచ్చరించింది.

ఖుర్ఆన్ లో 30వ సూరా పేరు ‘అర్ రూమ్’ – అంటే రోమన్లు. మక్కాలో విశ్వాసులు పీడింపబడుతున్న రోజులవి. తూర్పు రోమను సామ్రాజ్యం పారసీకుల చేతిలో వరుసగా ఓడిపోయింది. 614లో జెరూసలేము నగరం కూడా వారి చేజిక్కింది. ఆ ఓటమి తరువాత కొద్ది సంవత్సరాలలోనే రోమన్లు తిరిగి గెలుస్తారని అల్లాహ్ ముందుగా తెలియజేశాడు. 627 చివరలో నైనెవే వద్ద జరిగిన యుద్ధంలో హెరక్లియస్ చక్రవర్తి పారసీక సైన్యాన్ని ఓడించాడు. ఈ సూచన నెరవేరిన సంగతిని మన పండితులు ఎంతో ఆనందంగా వివరిస్తారు. అయితే అదే సూరాలో కొద్దిగా ముందుకు వెళితే, భూమిపై సంచరించి పూర్వులను చూడమన్న ఆదేశం వస్తుంది. వారు మీకన్నా బలవంతులు, నేలను దున్నినవారు, మీకన్నా మిన్నగా నిర్మించినవారు; అయినా వారికి అన్యాయం చేసింది అల్లాహ్ కాదు, వారే తమకు అన్యాయం చేసుకున్నారు అన్నది అక్కడి బోధ. గెలుపు వార్త చెప్పిన చోటనే గెలిచినవారి అంతాన్ని కూడా చూపించడం ఖుర్ఆన్ పద్ధతి. ఏ సామ్రాజ్యపు గెలుపుతోనూ మన హృదయాన్ని ముడివేసుకోరాదని దీనివల్ల తెలుస్తున్నది.

మరి శిథిలాల ఎదుట నిలిచినప్పుడు విశ్వాసి ఎలా మసలుకోవాలి? దీనికి సమాధానం దైవప్రవక్త (స) ఆచరణలోనే ఉన్నది.

హిజ్రీ 9వ సంవత్సరం, అంటే క్రీ.శ. 630. రోమన్లు సరిహద్దులో సైన్యాన్ని సమీకరిస్తున్నారనే వార్త మదీనాకు అందింది. మండుటెండల కాలం. దైవప్రవక్త (స) సహచరులతో తబూక్ కు బయలుదేరారు. దారిలో హిజ్ర్ అనే చోట సమూద్ జాతివారి పాడుబడిన నివాసాలు వచ్చాయి. కొండలను తొలిచి ఇళ్ళు చేసుకొన్న జాతి అది. సాలిహ్ ప్రవక్త (అలైహిస్సలాం) మాటను ధిక్కరించి నాశనమయింది. ఆ తరువాత అక్కడికి నబాతీయులు వచ్చారు. ఇప్పటికీ కనిపించే శిలాసమాధులు వారి కాలానివేనని పరిశోధకులు చెబుతారు. 106లో నబాతీయ రాజ్యాన్ని రోమన్లు కలుపుకొన్నారు. 175–177 సంవత్సరాల నాటి లాటిన్ శాసనం ఒకటి అక్కడ దొరికింది. రోమను సామ్రాజ్యపు దక్షిణపు కొసన ఉన్న సరిహద్దు ఠాణాలలో హిజ్ర్ ఒకటని దానివలన తేటతెల్లమయింది. ఒకరి తరువాత ఒకరుగా ఎందరో ఏలుకొన్న ఊరు, దైవప్రవక్త (స) అటుగా వెళ్ళేనాటికి శిథిలాల మయం.

దప్పికగొన్న సైనికులు కొందరు అక్కడి బావుల నీరు తోడారు. ఆ నీటితో పిండి కలిపారు. దైవప్రవక్త (స) ఆ నీటిని పారబోయమన్నారు. ఆ పిండిని ఒంటెలకు పెట్టమన్నారు. అన్యాయానికి పాల్పడినవారి నివాసాలలోనికి ఏడుస్తూ తప్ప ప్రవేశించవద్దని హెచ్చరించారు. తాము తలపై వస్త్రం కప్పుకొని ఆ లోయను త్వరగా దాటిపోయారు. అయితే ఒక్క బావిని మాత్రం మినహాయించారు. అది సాలిహ్ ప్రవక్త (అలై) కాలంలో దైవసూచనగా వచ్చిన ఒంటె నీళ్ళు త్రాగిన బావి. ఆ నీరు తోడుకోవడానికి అనుమతించారు.

సోదరులారా! ఆ ఒంటె బావి కథ మీకు తెలుసు. అక్కడ నీటికి వంతు ఏర్పాటయింది. ఒక రోజు ఒంటెది, ఒక రోజు ప్రజలది. ఆ జాతివారు చేసిన ద్రోహం ఆ వంతును ఓర్వలేకపోవడంతో మొదలయింది. తమ పశువులకు, తమ తోటలకు నీరు తగ్గిపోతున్నదని తలచి ఆ మూగజీవి కాళ్ళు నరికారు. దానితో వారి గడువు తీరింది. మేడలు పోయాయి, కొండ ఇళ్ళు పోయాయి. శతాబ్దాల తరువాత అంతిమ ప్రవక్త (స) సైన్యానికి ఆ ఊరిలో ఉపయోగించదగినదిగా మిగిలినది ఒక్కటే – న్యాయంగా వంతు పంచబడిన నీరు. మేము ఈనాడు చెప్పదలచిన మాట ఇదే. పట్టణాలు పాడుబడతాయి, ఆ పట్టణంలో పాటింపబడిన న్యాయం మిగులుతుంది.

ఈ ప్రవర్తనను గీటురాయిగా పెట్టుకొని మన చుట్టూ జరిగే మూడు విషయాలను పరిశీలించుకొందాము.

మొదటిది, గుప్తనిధుల వేట. పాత కోటలు, మట్టి దిబ్బలు, పాడుబడిన గుళ్ళు ఉన్న ప్రతిచోటా ఈ రోగం ఉన్నది. మాయమాటలు చెప్పేవాడొకడు వస్తాడు. అంజనం వేసి చూశానంటాడు. దిబ్బ క్రింద లంకెబిందెలున్నాయంటాడు. నిమ్మకాయలు, నల్లకోడి, అమావాస్య రాత్రి అంటాడు. అప్పులలో మునిగిన యువకుడు వాని వెంట పలుగు పట్టుకొని పోతాడు. వేయేళ్ళ నాటి ఇటుక వరుస ఒక రాత్రిలో చెల్లాచెదురవుతుంది. ఇలాంటి వారి వెంట వెళ్ళేవారిలో నమాజు చేసేవారు కూడా ఉండటం మరింత విచారకరం. జోస్యం చెప్పేవాని దగ్గరకు పోయి అడిగినవాని 40 రోజుల నమాజు స్వీకరింపబడదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అగోచర విషయాల జ్ఞానం అల్లాహ్ దే. దిబ్బ క్రింద ఏమున్నదో చెప్పగలవాడు ముందుగా తన పేదరికాన్ని పోగొట్టుకొని ఉండేవాడు కాదా!

కొందరు మరొక వాదం తెస్తారు. భూమిలో దొరికినది దొరికినవానిదే కదా అంటారు. షరీఅతులో పాతిపెట్టబడిన ప్రాచీన నిధికి ‘రికాజ్’ అని పేరు. అందులో అయిదవ వంతు ప్రజల హక్కుగా చెల్లించాలని దైవప్రవక్త (స) నిర్ణయించారు. యాదృచ్ఛికంగా దొరికిన దానిలోనే ప్రజల వాటా విధిగా ఉన్నప్పుడు, దొంగచాటుగా త్రవ్వి రహస్యంగా అమ్ముకొన్నది ధర్మసమ్మతం ఎలా అవుతుంది? మన దేశంలో 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం భూమిలో దొరికితే ఆ సంగతిని కలెక్టరుకు తెలియజేయడం విధి. మనం ఈ దేశపు పౌరులుగా చేసుకొన్న ఒప్పందంలో ఈ చట్టం ఒక భాగం. ఒప్పందాలను నెరవేర్చమని ఆజ్ఞాపించినవాడు అల్లాహ్.

ఈ విషయంలో పొలాలున్న సోదరులకు మరొక మాట. దిబ్బ అంచును ప్రతి ఏటా ఒక సాలు చొప్పున దున్నుకొంటూ లోపలికి జరిగేవారున్నారు. ఇటుకలను బండికెత్తి గొడ్లపాకకు గోడ కట్టుకొనేవారున్నారు. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు చుట్టబడుతుందని మనకు హదీసు ఉన్నది. సర్కారు నేల అయితే ఆక్రమించవచ్చుననే మినహాయింపు అందులో లేదు. ఆ ఇటుకలు ఎవరికీ చెందనివిగా కనిపించవచ్చు. అవి మనకు పూర్వం ఉన్నవారివి, మన తరువాత రాబోయేవారివి. మధ్యలో ఉన్న మనం వాటికి కావలివారము. అది అమానతు. అమానతులో ద్రోహం కపటవిశ్వాసి లక్షణాలలో ఒకటి.

రెండవది, శిథిలాలను ఆధారం చేసుకొని పెంచుకొనే గర్వద్వేషాలు. మన ఖమ్మం నగరం నడిబొడ్డున కొండ మీద ఖిల్లా ఉన్నది. అది శతాబ్దాల పాటు సరిహద్దు దుర్గం. కాకతీయుల తరువాత రెడ్డి, వెలమ నాయకులు, బహమనీ సుల్తానుల అధికారులు దానికోసం పోరాడారు. ఒకవైపు ఒరిస్సా గజపతులు, మరొకవైపు విజయనగర చక్రవర్తి కృష్ణదేవరాయలు, ఇంకొకవైపు గోల్కొండ సుల్తాను కులీ కుతుబ్ షా – అందరి చూపూ ఈ కోటల వరుస మీదనే ఉండేది. ఆ కాలంలో ఈ సీమను ఏలిన సితాబుఖాను పేరులో ఖాన్ ఉన్నది. అతడు సీతాపతి అనే తెలుగు నాయకుడు. ఓరుగల్లులో అతని 1504 నాటి శాసనం ఉన్నది. అతణ్ణి ఓడించి సుల్తాను కులీ ఈ దుర్గాన్ని గోల్కొండలో కలుపుకొన్నాడు. పేరును బట్టి మనవాడు, పరాయివాడు అని గీత గీయడం సరిహద్దు సీమలో ఎంత కష్టమో చూడండి.

కుతుబ్ షాహీల రాజ్యం 1687లో ముగిసింది. వారిని కూల్చినవాడు ఔరంగజేబు, ఆయనా ముస్లిమే. ఆ తరువాతి అసఫ్ జాహీల రాజ్యం 1948లో ముగిసింది. కలిమా చదివే రాజులకు కూడా అల్లాహ్ నియమం మారలేదు. సమూద్ జాతి అంతం మనకు పాఠమయితే, గోల్కొండ అంతం కూడా మనకు పాఠమే. కాబట్టి ఖిల్లా బురుజులను చూసి మనవాళ్ళు కట్టినదని రొమ్ము విరుచుకోవడం, మనవాళ్ళు పోగొట్టుకొన్నదని నిట్టూర్చడం, ఈ రెండూ పాఠం నేర్చిన హృదయపు లక్షణాలు కావు.

అదేవిధంగా ఇతరుల శిథిలాలను చిన్నచూపు చూడటం కూడా తగదు. నేలకొండపల్లి స్తూపం బౌద్ధులది. ఆ ఊరే భద్రాచల రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఆయన గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో పాల్వంచ తహశీల్దారుగా పనిచేసినవాడు. భద్రాచల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషా నుండే వచ్చిందని ఈ ప్రాంతపు హిందూ సోదరులు నేటికీ గౌరవంతో చెప్పుకొంటారు. మన విశ్వాసం స్పష్టం. మనం ఆరాధించేది ఒక్క అల్లాహ్ నే. ఆ విశ్వాసమే ఇతరులు ఆరాధించే వాటిని దూషించవద్దని ఖుర్ఆన్ ద్వారా మనల్ని నిరోధిస్తున్నది. దిబ్బలో ఒక విగ్రహం దొరికితే మనం దానికి మ్రొక్కము. దాన్ని పగలగొట్టము, అమ్ముకోము. అధికారులకు అప్పగిస్తాము. మన తౌహీదుకు, మన నిజాయితీకి రెండింటికీ అదే నిరూపణ.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమయినది, మనం ప్రతిరోజూ ఎదుర్కొనేది – నీరు.

కృష్ణానది ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. విహారాలు, చైత్యాలు, మెట్లతో కట్టిన క్రీడాంగణం, స్నానఘట్టాలు గల మహానగరం. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోకముందే 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు త్రవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండపైకి, అనుపుకు తరలించి తిరిగి నిర్మించారు. మిగిలిన నగరం నీటి అడుగున నిద్రిస్తున్నది. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నుండి పాయలుగా చీలి, బోనకల్ బ్రాంచి కాలువగా వచ్చి మన చేలను తడిపే నీరు అదే. ఒక రాజధాని మీదుగా ప్రవహించి వచ్చిన నీటితో మనం వరి పండిస్తున్నాము. మన పళ్ళెంలోని అన్నానికి ఒక మహానగరం తన స్థానాన్ని ఇచ్చింది. లోయలోని పల్లెలవారు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళారు.

ఇంత మూల్యం చెల్లించి తెచ్చిన నీటిని మనం ఎలా పంచుకొంటున్నాము? వారబందీ ప్రకటించిన రోజులలో రాత్రిపూట తూము షట్టరు పైకెత్తేదెవరు? కాలువ గట్టుకు గండికొట్టేదెవరు? ఎగువన మోటార్లు పెట్టి తోడుకొంటూ, చివరి భూములవారి పైరు ఎండుతుంటే చూసీచూడనట్లు పోయేదెవరు? వారబందీ అంటే వంతు. సమూద్ జాతి ఓర్వలేకపోయినది కూడా వంతునే. ఒంటె కాళ్ళు నరకడానికి కత్తి ఎత్తినవాడు ఒక్కడే. ఊరంతా ఊరకుండిపోయింది కనుక శిక్ష అందరినీ చుట్టుకొన్నది.

మదీనాలో వాగునీటి విషయంలో వివాదం వచ్చినప్పుడు, ఎగువవాడు చీలమండల లోతు నిలిచే దాకా పెట్టుకొని, ఆపై నీటిని దిగువవానికి వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. తన అవసరానికి మించిన నీటిని ఇతరులకు అందకుండా ఆపినవాని వైపు ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడడని హెచ్చరించారు. సోదరులారా, ఎగువ రైతు మస్జిదులో మొదటి వరుసలో నిలబడవచ్చు. దిగువ రైతు మస్జిదు గడప తొక్కని హిందూ సోదరుడు కావచ్చు. అయినా ఆ నీటిలో అతని వంతు అతనిదే. ఆ వంతును ఇవ్వని చేతులు దుఆ కోసం ఎత్తినప్పుడు ఏమని అడుగుతాయి?

ఈ మాటలు చెప్పి, మాకొరకు, మీకొరకు, విశ్వాసులందరి కొరకు అల్లాహ్ ను క్షమాభిక్ష వేడుకొంటున్నాము. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సర్వస్తోత్రాలు అల్లాహ్ కే. ఆయన దాసులు, సందేశహరులు అయిన ముహమ్మద్ (స) పై శాంతి శుభాలు వర్షించుగాక!

సోదరులారా! మన బోనకల్ కూడా సరిహద్దు సీమయే. 1948 వరకు ఇటు నిజాం రాజ్యం, అటు 1947 వరకు బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉన్న కృష్ణా జిల్లా. 1956 నవంబరు 1న ఆ గీత చెరిగి అంతా ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 జూన్ 2న తిరిగి గీత పడి, ఇటు తెలంగాణ, అటు ఆంధ్రప్రదేశ్ అయినవి. మన తాతలు, మనం అదే రైలుకట్ట ప్రక్కన, అదే చేలలో ఉన్నాము. గీతలే జరిగాయి. ఇటువారు అటు ఆడపిల్లను ఇచ్చారు, అటువారు ఇటు కౌలుకు వచ్చారు. సరిహద్దును గీసేవారు, దాని కోసం కోటలు కట్టేవారు ఎక్కడో ఉంటారు. సరిహద్దు మీద బ్రతికేవారికి మిగిలేది పొరుగువాని మంచితనమే. అందుకే జిబ్రీల్ (అలై) పొరుగువారి హక్కును గురించి ఎంతగా నొక్కిచెబుతూ వచ్చారంటే, పొరుగువారిని వారసులుగా కూడా చేస్తారేమోనని దైవప్రవక్త (స) కు అనిపించింది.

కాబట్టి ఈ శుక్రవారం నుండి మనం కొన్ని పనులు చేయాలని కోరుతున్నాము. పిల్లలను సెలవు రోజున నేలకొండపల్లికి, ఖమ్మం ఖిల్లాకు తీసుకువెళ్ళండి. రాళ్ళ మీద పేర్లు చెక్కనివ్వకండి. ఖిల్లాలో జాఫర్ బావి మెట్ల దగ్గర నిలబెట్టి, పాడుబడిన బావులను గురించి ఖుర్ఆన్ చెప్పినదానిని వారికి వివరించండి. ఆ బావిని తవ్వించినవారి అధికారం పోయిందని, దప్పిక తీరినవారి దీవెన పోలేదని చెప్పండి. నీరు త్రాగించడం శ్రేష్ఠమైన దానమని వారికి అక్కడే బోధపడుతుంది. అంజనం, గుప్తనిధులు అంటూ ఎవరైనా మీ గుమ్మం తొక్కితే వెంటనే పంపివేయండి. ఊరి పెద్దలకు తెలియజేయండి. వారబందీ రోజులలో మన మస్జిదుకు వచ్చే రైతులు నలుగురు కలిసి కాలువ వెంట చివరి తూము దాకా నడిచి చూడండి. అక్కడికి నీరు చేరిందా అని ఆ పొలంవాడిని అడగండి. మన జుమాకు అతడి జవాబు కూడా సాక్ష్యమే.

ఒకనాడు మన ఇళ్ళు కూడా దిబ్బలవుతాయి. ఎవరో వచ్చి మన ఇటుకలను కొలుస్తారు. మన పేర్లు వారికి తెలియవు. మన లెక్క మాత్రం అప్పటికే అల్లాహ్ సన్నిధిలో ముగిసి ఉంటుంది.

ఓ అల్లాహ్! మా కళ్ళకు చూపునిచ్చావు. మా హృదయాలకు కూడా చూపును ప్రసాదించు. మాకు పూర్వం గతించినవారి అంతం నుండి పాఠం నేర్చుకొనే భాగ్యాన్నివ్వు. మాకు అప్పగింపబడిన అమానతులను నెరవేర్చే శక్తినివ్వు. ఓ అల్లాహ్! మా చేలకు సకాలంలో వానలు కురిపించు. మేము త్రాగే నీటిలో, పారించే నీటిలో ఇతరుల వంతును ఎగవేయకుండా మమ్మల్ని కాపాడు. ఎగువవాడికి న్యాయబుద్ధిని, దిగువవాడికి సహనాన్ని అనుగ్రహించు. మా ఊరిలో, మా సరిహద్దుకు ఇరువైపులా ఉన్న ఊర్లలో శాంతిని నిలుపు. మా తల్లిదండ్రులను, మరణించిన మా పెద్దలను క్షమించు. మాలో రోగగ్రస్తులకు స్వస్థతను, అప్పులలో ఉన్నవారికి ధర్మమార్గాన విముక్తిని కలిగించు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! అల్లాహ్ మిమ్మల్ని న్యాయానికి, సదాచరణకు, బంధువుల హక్కులు నెరవేర్చడానికి పిలుస్తున్నాడు. దౌర్జన్యం నుండి వారిస్తున్నాడు. ఆయనను స్మరించండి, ఆయన మిమ్మల్ని మరువడు. ఇక నమాజుకు లేవండి.